ఏసీఎల్ తెగి, మెనిస్కస్ చిరిగిన కబడ్డీ కుర్రవాడికి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి?

అయ్యా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. రాజోలు దగ్గర మీ లంక గ్రామంలో సంక్రాంతికి జరిగిన కబడ్డీ పోటీల్లో, పంతొమ్మిదేళ్ళ మీ అబ్బాయి కూతకు వెళ్ళి మధ్య గీత వైపు చటుక్కున తిరగబోతుండగా కుడి మోకాలు మెలిపడింది. లోపల ‘టప్’మని శబ్దం వచ్చినట్టు తానే చెప్పాడు. సాయంత్రానికల్లా మోకాలు ఉబ్బిపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, తరువాత పసరు కట్టు వేయించి మూడు వారాలు కదలకుండా ఉంచారు. వాపు తీసింది గాని కాలు పూర్తిగా చాపలేకపోతున్నాడు. ఐదో వారంలో తీయించిన ఎంఆర్‌ఐలో ఏసీఎల్ (మోకాలి మధ్యలో ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్, అంటే గట్టి పట్టీ లాంటి కట్టు) పూర్తిగా తెగిందనీ, లోపలి వైపు మెనిస్కస్ (ఎముకల మధ్య ఉండే మెత్త) బకెట్ హ్యాండిల్ తరహాలో, అంటే బకెట్ పిడిలా పక్కకు విడివడేలా చిరిగిందనీ వచ్చింది. కాకినాడలో చూపిస్తే వెంటనే ఆపరేషన్ అన్నారు, భీమవరంలో చూపిస్తే ముందు ఫిజియోథెరపీ అన్నారు. ఎవరి మాట వినాలి, వచ్చే సంక్రాంతికి అబ్బాయి ఆడగలడా అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఎముకల వైద్యుడిని, ఈ డెల్టా జిల్లాల్లో ఆటగాళ్ళ మోకాళ్ళూ భుజాలూ చూడడమే చాలాకాలంగా నా పని. మోకాలు చేత్తో పట్టుకుని చూడకుండా ఇది చేయించండి, అది మానండి అని ఎవరూ తేల్చి చెప్పకూడదు. అయితే మీకు సలహా ఇచ్చిన ఇద్దరు డాక్టర్లలో ఒకరు తప్పు చెప్పారనుకోనక్కరలేదు. కాలు ఎందుకు చాపుకోవడం లేదన్న ఒక్క విషయం తేలితే ఎవరి సలహా మీ అబ్బాయికి వర్తిస్తుందో తేలిపోతుంది. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది తెగిన లిగమెంట్ కాదు, చాపుకోని కాలు.

కాలు చాపుకోకపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది, మూడు వారాలు కట్టులో ఉండడం వల్ల కీలు బిగుసుకుపోవడం, దానికి తోడు తొడ ముందు కండరం పని మానేయడం. మోకాలిలో కొద్దిపాటి నీరు చేరినా ఆ కండరాన్ని మెదడు అదుపులో పెట్టేస్తుంది, కుర్రవాడు ఎంత బలవంతుడైనా దానిని బిగించలేడు. రెండవది, చిరిగిన మెనిస్కస్ ముక్క పక్కకు ఒరిగి, తలుపు కింద ఇరుక్కున్న గులకరాయిలాగా రెండు ఎముకల మధ్య అడ్డుపడడం. మొదటిదైతే ఫిజియోథెరపీతో రెండు మూడు వారాల్లో కాలు చక్కగా చాపుకుంటుంది, భీమవరం డాక్టరు గారి సలహా సరైనది అవుతుంది. రెండవదైతే ఎన్ని వ్యాయామాలు చేయించినా ఆ అడ్డు తొలగదు సరికదా, బలవంతంగా చాపించే కొద్దీ ముక్క ఇంకా నలిగి కుట్టడానికి పనికిరాకుండా పోతుంది. అప్పుడు కాకినాడ డాక్టరు గారు చెప్పినట్టు రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో ఆపరేషన్ జరగాలి.

ఈ తేడాను ఇంట్లోనే కొంతవరకు గమనించవచ్చు. అబ్బాయిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళ కింది భాగం మంచం అంచు దాటి బయటికి వేలాడేలా సర్దండి. కండరాలు వదులు చేయమని చెప్పి రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో పక్క నుంచి చూడండి. దెబ్బ తగిలిన కాలి మడమ ఎంత పైకి ఉంటే అంత మేర కాలు చాపుకోవడం లేదన్నమాట. సెంటీమీటరు తేడాకు సుమారుగా ఒక డిగ్రీ లెక్క. ఐదు పది నిమిషాలు అలాగే ఉంచితే మడమ మెల్లగా కిందికి దిగుతూ, తొడ వెనుక లాగినట్టు మాత్రమే అనిపిస్తే బిగువు వల్ల అయి ఉండే అవకాశం ఎక్కువ. ఒకచోట ఠక్కున ఆగిపోయి, లోపలి వైపు కీలు గీత మీద పోటు వస్తుంటే ముక్క అడ్డుపడిందని అనుమానించాలి. మడమను చేత్తో నొక్కి చూడవద్దు. ఇది చూసి మీరే నిర్ణయం తీసుకోమని కాదు, డాక్టరు గారికి స్పష్టంగా చెప్పగలగడానికి మాత్రమే. అదే సమయంలో దర్జీ టేపుతో, మోకాలి చిప్ప పై అంచు నుంచి పదిహేను సెంటీమీటర్ల పైన రెండు తొడల చుట్టుకొలతలూ తీసి రాసి పెట్టుకోండి. మూడు వారాల కట్టు తరువాత తేడా మీ కంటికే ఆశ్చర్యం కలిగిస్తుంది, రాబోయే నెలల్లో ఆ అంకెతో చాలా పని ఉంటుంది.

మెనిస్కస్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అందరూ లిగమెంట్ గురించే మాట్లాడతారు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య లోపల ఒకటి, బయట ఒకటి నెలవంక ఆకారంలో ఉండే ఈ మెత్తలు ఒంటి బరువును పంచుతాయి. వాటి బయటి అంచున ఉన్న సుమారు మూడో వంతు భాగానికే రక్తప్రసారం ఉంటుంది, లోపలి అంచుకు ఉండదు. చిరుగు బయటి అంచు దగ్గర ఉంటే కుట్టవచ్చు, అతుకుతుంది. లోపలి అంచున ఉంటే అతికే అవకాశం తక్కువ గనుక పాడైన మేరకు కత్తిరించవలసి వస్తుంది. పూర్వం మెనిస్కస్‌ను పనికిరాని వస్తువుగా భావించి మొత్తం తీసివేసేవారు. అలా తీసిన మోకాళ్ళలో ఎక్స్‌రే మీద కనిపించే అరుగుదల మార్పులను ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ సర్జన్ 1948లోనే వర్ణించారు. పంతొమ్మిదేళ్ళవాడికి మెనిస్కస్ తీసివేయడమంటే నలభై దాటకుండానే మోకాళ్ళ నొప్పులకు దారి వేయడమే. బకెట్ హ్యాండిల్ చిరుగులు చాలావరకు కుట్టగలిగినవే, అదే ఆపరేషన్‌లో ఏసీఎల్ కూడా కొత్తది వేస్తే కుట్లు నిలిచే అవకాశం పెరుగుతుంది. అందుచేత సర్జన్ గారిని మీరు మొదట అడగవలసిన ప్రశ్న ఏసీఎల్ గురించి కాదు: “మెనిస్కస్ కుడతారా, తీస్తారా? కుట్టడానికి అవసరమైన సరంజామా ఆ రోజు థియేటర్‌లో సిద్ధంగా ఉంటుందా?”

ఇక లిగమెంట్ సంగతి. మోకాలి లోపలి పక్కన ఉండే ఎంసీఎల్ అనే లిగమెంట్ తెగితే చాలాసార్లు బ్రేస్‌తోనే (మోకాలికి బయట తొడిగే ఆధారం) అతుక్కుంటుంది. ఏసీఎల్ కీలు మధ్యలో, కీలు నీటిలో ఉంటుంది. తెగిన రెండు కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు గనుక, పూర్తిగా తెగిన తరువాత ఆటకు పనికివచ్చేంత గట్టిగా దానంతట అది అతుక్కోవడం అరుదు. అందుకే చాలామందిలో తెగినదాన్ని కుట్టకుండా, ఒంట్లోనే మరోచోటి నుంచి తీసిన టెండాన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) కొత్తది వేస్తారు. అలా వేసినదాన్నే గ్రాఫ్ట్ అంటారు.

తెగిన ప్రతివారికీ ఆ ఆపరేషన్ అవసరమా అంటే, కాదు. స్వీడన్‌లో 121 మంది యువతీయువకుల మీద జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగిలినవారికి వ్యాయామాలు చేయించి, అవసరమైతేనే తరువాత ఆపరేషన్ చేశారు. రెండేళ్ళకు రెండు జట్ల పరిస్థితీ దాదాపు సమానంగానే ఉంది. వ్యాయామాల జట్టులో ఐదేళ్ళు గడిచేసరికి సగం మంది ఆపరేషన్ చేయించుకోగా, మిగతా సగం అది లేకుండానే నెట్టుకొచ్చారు. మందుల దుకాణం నడుపుకునేవారు, పొలం పని చేసుకునేవారు, సైకిలు తొక్కేవారు, ఈత కొట్టేవారు మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసి చూడడంలో నష్టమేమీ లేదు. అయితే ఆ అధ్యయనంలో వృత్తి ఆటగాళ్ళను చేర్చలేదు, మెనిస్కస్‌ను పెద్దఎత్తున కుట్టవలసి వచ్చినవారినీ చేర్చలేదు. కబడ్డీలో ప్రతి కూతా హఠాత్తుగా ఆగడం, తిరగడం, చీలమండ పట్టుబడినప్పుడు మొత్తం ఒంటితో గుంజుకోవడమే. ఏసీఎల్ లేని మోకాలు అటువంటి ఆటలో పదే పదే తప్పుకుంటుంది, తప్పుకున్న ప్రతిసారీ మెనిస్కస్ మరికాస్త చిరుగుతుంది. కాబట్టి మీ అబ్బాయి మళ్ళీ కబడ్డీ ఆడాలనుకుంటే మెనిస్కస్ కుట్టి ఏసీఎల్ వేయించడమే మంచిదని నా అభిప్రాయం. ఆడడు, డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం చూసుకుంటాడంటే ఏసీఎల్ విషయంలో ఆగవచ్చు, అడ్డుపడిన మెనిస్కస్ విషయంలో మాత్రం ఆగకూడదు.

గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీయాలన్నదానిపై సర్జన్లలో ఏకాభిప్రాయం లేదు. మన దగ్గర ఎక్కువగా తొడ వెనుక నుంచి హామ్‌స్ట్రింగ్ టెండాన్లు తీస్తారు. గాటు చిన్నది, నొప్పి తక్కువ. మడిచిన తరువాత మందం ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండడం మంచిది, సన్నగా ఉన్నవి తెగే అవకాశం ఎక్కువ. మోకాలి చిప్ప కింది టెండాన్‌ను రెండు కొసలా ఎముక ముక్కలతో సహా తీసే పద్ధతి గట్టిదే, ఆటగాళ్ళకు చాలామంది అదే వేస్తారు. కాని తరువాత మోకాళ్ళ మీద కూర్చుంటే ముందు వైపు నొప్పి రావచ్చు. నేల మీద కూర్చుని భోజనం చేసే, చేలో మోకాళ్ళూని పని చేసే మన జీవితంలో ఇది చిన్న విషయం కాదు. చీలమండ వెనుక నుంచి పెరోనియస్ టెండాన్ తీయడం ఈమధ్య మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చింది. చాలామందికి చీలమండ బాగానే ఉంటున్నా, ప్రత్యర్థులు చీలమండనే గురిపెట్టి పట్టే కబడ్డీ ఆటగాడికి దానిని మొదటి ఎంపికగా తీసుకోవడానికి నేను వెనకాడతాను. ఇరవై అయిదు లోపు వయసు, మోకాలు మరీ వదులుగా తిరగడం, మెలికలు తిరిగే ఆట ఈ మూడూ కలిసినవారికి హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తో పాటు మోకాలి బయటి వైపున చర్మం కింద అదనంగా ఒక పట్టీ వేస్తే మేలని 2020లో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. అందులో 14 నుంచి 25 ఏళ్ళ లోపువారు 618 మంది పాల్గొన్నారు. రెండేళ్ళలో గ్రాఫ్ట్ తెగినవారు పట్టీ లేని జట్టులో 11 శాతం, పట్టీ వేసిన జట్టులో 4 శాతం. మీ అబ్బాయికి ఇది అవసరమా అని తప్పక అడగండి.

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. సాధారణంగా నడుములో మత్తు ఇస్తారు, చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేస్తారు, గంటన్నర రెండు గంటల్లో అయిపోతుంది. చీము పట్టడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, కీలు బిగుసుకుపోవడం అరుదుగానే అయినా జరుగుతాయి. గాటు పక్కన మోకాలి కింద అరచేయంత మేర మొద్దుబారినట్టుండడం మాత్రం చాలామందిలో ఉంటుంది, దానికి కంగారు పడనవసరం లేదు. ఖర్చు విషయంలో, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. ఎంఆర్‌ఐ రిపోర్టు చూపించి, మీ అబ్బాయికి చేయబోయే ఆపరేషన్ పథకంలోకి వస్తుందా, ఇంప్లాంట్ల ఖర్చు అందులో కలిసి ఉందా అని చేరక ముందే అడగండి.

అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలవుతుంది, మన ప్రాంతంలో ఎక్కువ మోకాళ్ళు చెడేది కూడా అక్కడే. మొదటి రెండు వారాల్లో కాలు వంచడం కంటే పూర్తిగా చాపడం ముఖ్యం. పడుకున్నప్పుడు సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టడం మన ఇళ్ళలో అలవాటు, దానిని మానిపించి మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. మెనిస్కస్ కుట్టినట్లయితే నాలుగు నుంచి ఆరు వారాలు చంకకర్రలు, ఆ కాలమంతా తొంభై డిగ్రీలకు మించి వంచకపోవడం, సుమారు నాలుగు నెలలు గొంతుక్కూర్చోకపోవడం అవసరం. అంటే ఇంట్లో నేలబారు మరుగుదొడ్డి ఉంటే ఆపరేషన్‌కు ముందే కమోడ్ కుర్చీ తెచ్చి పెట్టుకోవాలి. గాయం పూర్తిగా మానేవరకు కాలువలో స్నానం వద్దు. వర్షాలు పడితే కాలువ గట్ల మీద నడక, ఎప్పుడైనా సరే మోటారు సైకిలు మీద ఇద్దరి వెనుక మూడోవాడిగా ఎక్కడం కూడా వద్దు.

గ్రాఫ్ట్ బిగించిన రోజున ఎంత గట్టిగా ఉంటుందో రెండో మూడో నెలలో అంత ఉండదు. ఒంట్లోకి కొత్తగా చేరిన ఆ టెండాన్ ముందు మెత్తబడి, రక్తనాళాలు పెరిగి, నెలల తరబడి మెల్లగా లిగమెంట్‌గా మారుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అది బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే నొప్పి పోయి, వాపు తగ్గి, కుర్రవాడికి ఉత్సాహం వస్తుంది. “బాగానే ఉందిగా” అని స్నేహితులు మైదానానికి పిలుచుకుపోయేదీ అప్పుడే. తండ్రిగా మీరు గట్టిగా నిలబడవలసిన కాలం అది.

ఫిజియోథెరపీకి రోజూ అమలాపురమో పాలకొల్లో వెళ్ళడం సాధ్యం కాదని మీరు రాశారు. అవసరం కూడా లేదు. వారానికి ఒకసారి మంచి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళి కొత్త వ్యాయామాలు నేర్చుకుని, మిగతా రోజులు ఇంట్లో క్రమం తప్పకుండా చేస్తే చాలు. తొలినాళ్ళలో తొడ బిగించడం, మోకాలు వంగకుండా కాలు ఎత్తడం, తరువాత కుర్చీలోంచి లేవడం, ఇంటి ముందున్న అరుగు మెట్టు ఎక్కి దిగడం, ఆపైన ఒంటికాలి మీద బరువుతో చేసేవి. మూడు నాలుగు నెలలకు, వాపు లేకుండా ఉంటే, చదునైన నేల మీద నిదానంగా పరుగు. ఆరో నెల ప్రాంతంలో దూకడం, దిక్కు మార్చడం. పట్టులూ గుంజులాటా తొమ్మిది నెలల లోపు వద్దే వద్దు. 2016లో నార్వే పరిశోధకులు ప్రచురించిన ఫలితాల ప్రకారం, తొమ్మిది నెలల వరకు ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్ళీ మోకాలు దెబ్బతినే అవకాశం సగం మేర తగ్గింది. తొమ్మిది నెలలు నిండడం ఒక్కటే కూడా చాలదు. తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే తొంభై శాతానికి చేరాలి, ఒంటికాలితో దూకిన దూరాలు కూడా అలాగే సరిపోలాలి. ఇంతకుముందు రాసి పెట్టుకోమన్న తొడ కొలత ఇక్కడ ఉపయోగపడుతుంది. అంగుళం తేడా ఉండగానే ఆటకు అనుమతి అడిగితే మీ ఫిజియోథెరపిస్టు ఒప్పుకోకూడదు.

మార్చిలో ఆపరేషన్ జరిగితే వచ్చే సంక్రాంతికి పది నెలలవుతాయి. క్యాలెండరు ఒప్పుకుంటుంది గాని, మెనిస్కస్ కూడా కుట్టిన మోకాలితో, ఎండిన నల్లరేగడి నెర్రెల మధ్య, వరి దుబ్బులు చెక్కి సిద్ధం చేసిన చేలో మొదటి పోటీ ఆడించడానికి నేను ఒప్పుకోను. ఆ ఏడు వదిలేసి మరుసటి ఏడు లక్ష్యంగా పెట్టుకోమంటాను. కబడ్డీ ఆటగాడు పవన్ సెహ్రావత్ 2022 ప్రో కబడ్డీ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజన్‌కంతా దూరమై, 2023లో ఆసియా క్రీడల్లో భారత జట్టుకు సారథ్యం వహించాడని మీ అబ్బాయి అంటున్నాడని రాశారు, నిజమే. ఆ స్థాయి ఆటగాడికి రోజంతా వెంట ఉండే ఫిజియోలు, కొలిచే యంత్రాలు ఉంటాయి. అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఆపరేషన్ తరువాత ఏదో ఒక ఆటలోకి వచ్చినవారు 81 శాతం, పాత స్థాయికి చేరినవారు 65 శాతం, పోటీ ఆటలకు తిరిగి వచ్చినవారు 55 శాతం. ఇరవై అయిదేళ్ళ లోపువారిలో ఆటకు తిరిగి వెళ్ళినవారిలో దాదాపు నలుగురికి ఒకరు ఈ మోకాలో ఆ మోకాలో మళ్ళీ ఏసీఎల్ తెంచుకున్నారు. ఈ అంకెలు అబ్బాయికి కూడా చదివి వినిపించండి, నిర్ణయం సగం అతనిది.

పసరు కట్టు వేసినవారిని నిందించవలసిన పని లేదు, వాపు తగ్గడానికి కదలకుండా ఉంచడం కొంత తోడ్పడే ఉంటుంది. అయితే ఇకమీదట మోకాలి మీద మర్దన చేయించవద్దు. సొంత రక్తం నుంచి తీసి ఇచ్చే ప్లాస్మా ఇంజెక్షన్లతో తెగిన ఏసీఎల్ అతుకుతుందని ఎవరైనా చెబితే డబ్బు ఖర్చు పెట్టవద్దు. నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుని అదే రోజు మళ్ళీ బరిలోకి దిగడం మన టోర్నమెంట్లలో తరచూ కనిపిస్తుంది, మీ ఊరి నిర్వాహకులతో ఈ ఒక్క మాట చెప్పి చూడండి. మోకాలు స్థానం తప్పి వంకరగా కనిపించినా, దెబ్బ తరువాత పాదం చల్లబడినా, పాలిపోయినా, స్పర్శ పోయినా అది వేరే సంగతి. మోకాలి వెనుక ఉండే పెద్ద రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు, ఆరు గంటలు దాటితే కాలు దక్కడం కష్టమవుతుంది. అప్పుడు కట్టు కట్టేవారి దగ్గర గాని చిన్న ఆసుపత్రిలో గాని కాలం గడపకుండా 108 పిలిచి, రక్తనాళాల ఆపరేషన్ చేయగల ఆసుపత్రికే నేరుగా తీసుకుపోవాలి.

ఈ వారంలోనే మళ్ళీ చూపించండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాక ఎంఆర్‌ఐ సీడీ కూడా తీసుకువెళ్ళండి, ముక్క ఎటు ఒరిగిందో సర్జన్ తన కంటితో చూడాలి. అప్పటివరకు కర్రల సాయంతో నడవమనండి, మడమ కింద తువ్వాలు పెట్టి తొడ బిగించే వ్యాయామం గంటకు ఒకసారి పది పదిసార్లు నొప్పి లేనంత మేరకు చేయించండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, జ్వరంతో మోకాలు వేడెక్కినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.